సారె పెట్టె నుంచి సంత వరకు: కచ్ స్త్రీల సూదిపని, కరవు, భూకంపం

కరవుకాలంలో భర్త తీసుకొన్న స్త్రీధనాన్ని తిరిగి భార్యకు ఇవ్వవలసిన పని లేదని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. ధర్మకార్యం, వ్యాధి, నిర్బంధం అనే సందర్భాలను కూడా పేర్కొన్నప్పటికీ అందులో మొదట చెప్పినది దుర్భిక్షమే. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేసిన సంగతి మనకు పరిచితమే. స్త్రీధనాన్ని గురించిన చర్చలు సాధారణంగా వారసత్వం దగ్గర ఆగిపోతాయి. ఈ మినహాయింపు మీద నిలవవు. స్త్రీ ఒంటిమీది అలంకారం మంచిరోజులలో ఆమె సొత్తు, విపత్తు వచ్చిననాడు ఇంటి సొత్తు అన్నది దీని సారాంశం.

ఆ సొత్తు అయిపోయిన తరువాత స్త్రీ ఏమి చేస్తుంది? ధర్మశాస్త్రం ఈ ప్రశ్న వేయలేదు. దీనికి సమాధానం వెదకడానికి గుజరాత్‌లోని కచ్ జిల్లా చరిత్ర ఎక్కువగా ఉపకరిస్తుంది. అక్కడి సముదాయాలు అనేకం, వాటిలో ముస్లిం సముదాయాలూ ఉన్నాయి. కాబట్టి స్మృతివాక్యాన్ని వారికి చట్టంగా అన్వయించడం నా ఉద్దేశం కాదు. అలంకారానికీ ఆపదకూ గల సంబంధాన్ని గుర్తించడానికి మాత్రమే దానిని ప్రస్తావించాను.

కచ్‌లో వధువు అత్తవారింటికి తీసుకొనిపోయే వస్తుసముదాయాన్ని ‘ఆణుం’ అంటారు. మన ‘సారె’, కావ్యభాషలోని ‘అరణం’ దీనికి దగ్గరి మాటలు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. మన సారెలో కొన్నవీ వండినవీ ఎక్కువ. వారి ఆణుంలో ప్రధానమైనది స్వయంగా కుట్టినది. రవికలు, పావడాలు, ఓఢణీలు, సంచులు, గోడకు కట్టే తోరణాలు, అన్నీ అద్దాలతోనూ రంగుదారాలతోనూ నిండి ఉంటాయి. కచ్‌లోని రబారీలను గురించి జూడీ ఫ్రేటర్ 1995లో ప్రకటించిన గ్రంథం శీర్షికలోనే సూదిపనినీ అలంకరణనూ జంటగా పేర్కొన్నది. వెండి కడియం, అద్దాల రవిక అక్కడ ఒకే వర్గానికి చెందిన వస్తువులు. రెండూ ఒంటి మీదివే, రెండూ సముదాయాన్ని చాటేవే. కడియాన్ని కంసాలి చేస్తాడు, రవికను ధరించేదే కుడుతుంది. మన లంబాడీ స్త్రీల వేషాన్ని చూసిన తెలుగు పాఠకులకు దీనిని వేరే వివరించనక్కరలేదు.

కచ్‌లో కరవు తరచుగా వచ్చేదే. ప్రతి కరవులోనూ పాత సూదిపనిని వర్తకులు తక్కువ ధరకు కొనుక్కొనిపోయేవారు. నష్టం ధర తక్కువ కావడంతో ముగియలేదు. తల్లి కుట్టిన రవికే కూతురికి పాఠ్యగ్రంథం. అది ఊరు దాటిపోతే నేర్చుకొనడానికి మాతృక మిగలదు. తాళపత్రాలు ఇంటింటి నుంచి తరలిపోయిన కథ తెలిసిన మనకు ఈ నష్టం ఎటువంటిదో బోధపడుతుంది.

1969 కరవులో చందా ష్రాఫ్ రామకృష్ణ మిషన్ సహాయకార్యక్రమంతో ధాణేటీ గ్రామానికి వెళ్లారు. అక్కడివారు ఉచిత భోజనానికి ఇష్టపడలేదు, పని కావాలన్నారు. ఆమె 30 చీరలు ఇచ్చి కుట్టించి, వాటిని ముంబైలో అమ్మించారు. ‘శ్రుజన్’ సంస్థకు ఇది ఆరంభం. ఈ ఉదంతాన్ని దాతృత్వ కథగా చెప్పడం పరిపాటి. నాకు ముఖ్యమనిపించేది వేరొకటి. అంతవరకు ఆపదలో అమ్ముడుపోయినది కుట్టిన వస్తువు. ఇప్పుడు అమ్ముడుపోయినది కుట్టే నేర్పు. పెట్టెలోని రవిక పెట్టెలోనే ఉండి, చేతిపనికి మాత్రం ధర వచ్చింది. ‘విపత్తు నుంచి పుట్టిన జీవనోపాధి’ అనే మాట ఈ కారణం చేతనే సరిపోదు. విద్య ముందే ఉన్నది. కరవు దానికి కొనుగోలుదారుని మాత్రమే తెచ్చింది.

ఈ మార్పుకు మరొక ముఖం ఉంది. ఆణుం కుట్టడానికి ఏళ్లు పట్టి, వధువులు అత్తవారింటికి వెళ్లడం ఆలస్యమవుతున్నదని 1995లో ఢేబరియా రబారీ పెద్దలు సొంత వాడకానికి సూదిపనిని నిషేధించారు. ఇతరుల కోసం కుట్టి సంపాదించవచ్చు, తన కోసం కుట్టుకొనరాదు. కరవు చేయలేని పనిని పెద్దల తీర్పు చేసిందని చెప్పవలసి వస్తుంది. స్త్రీలు మాత్రం యంత్రంతో చేసిన జరీపట్టీలను, రిబ్బన్లను కలిపి కొత్త అలంకరణను కల్పించుకొన్నారు. నిషేధంలో ‘సూది’ ఉన్నది గాని ‘అందం’ లేదు కదా!

2001 జనవరి 26 ఉదయం సంభవించిన భూకంపం తీవ్రత 7.7. అధికారిక లెక్కల ప్రకారం మరణించినవారు సుమారు 13,800 మంది. భుజ్, అంజార్, భచావు, రాపర్ పట్టణాలు శిథిలమయ్యాయి. కరవు నెమ్మదిగా వస్తుంది. ఏది అమ్మాలో, ఏది దాచాలో ఆలోచించడానికి వ్యవధి ఇస్తుంది. భూకంపంలో ఆ వ్యవధి లేదు. అయినా గుడారాలలోని స్త్రీలు 1969 నాటి మాటనే మళ్లీ అన్నారు. సేవా సంస్థ సూదిపని సామగ్రిని గుడారాలకే చేర్చింది. సూదికి ఇల్లు అక్కరలేదు, మగ్గానికి కావాలి. స్త్రీల పని ముందుగా మొదలు కావడానికి ఇదొక సాదా కారణం.

పని దొరికినంత మాత్రాన దాని విలువను ఎవరు కడతారన్నది తేలదు. సుమ్రాసర్ షేఖ్‌లో 1993లో ఏర్పడిన కళారక్షా సంస్థ స్త్రీలు కుట్టే ‘సూఫ్’ పద్ధతిని ఇక్కడ గమనించాలి. 1971 యుద్ధకాలంలో థార్‌పార్కర్ నుంచి వచ్చిన కుటుంబాల విద్య ఇది. ముందుగా గుడ్డ మీద గీత గీయరు. పోగులు లెక్కపెట్టుకొంటూ వెనుకవైపు నుంచి త్రిభుజాలను నింపుతారు. నమూనా కుట్టేవారి మనస్సులో ఉంటుంది. దూరం నుంచి వచ్చిన వారు నమూనా గీసి ఇచ్చి కూలికి కుట్టించే విధానంలో ఈ లెక్కకు చోటు లేదు. వేళ్లు మాత్రమే మిగులుతాయి. 2005లో ఆరంభమైన కళారక్షా విద్యాలయం చేతిపనివారికే రూపకల్పన నేర్పడానికి పూనుకొన్నది ఈ అంతరాన్ని ఎరిగియే. ఆ సంస్థ స్త్రీలు గుడ్డముక్కలను అతికి తమ జీవితకథలను పటాలుగా కుట్టారు. భూకంపం కూడా వాటికి వస్తువైంది. నీనా సబ్నానీ 2009లో తీసిన ‘టాంకో బోలే ఛే’ చిత్రానికి ఈ పటాలే ఆధారం.

ఈ ప్రశ్న తెలుగునేలకు కొత్తది కాదు. నరసాపురం లేసు అల్లే స్త్రీలను గురించి మరియా మీస్ 1982లో గ్రంథం ప్రకటించింది. ఇంట్లో కూర్చుని అల్లుతారు గనుక అది తీరికవేళ వ్యాపకంగా లెక్కకు వచ్చిందనీ, ఆ పేరుతోనే కూలి తగ్గిందనీ ఆమె నిరూపించింది. కచ్‌లో కరవు నాడు పాత రవికకు తక్కువ ధర కట్టిన వర్తకుడూ, నరసాపురంలో గంటలు లెక్కించని వర్తకుడూ ఆధారపడినది ఒకే ఊహ మీద. స్త్రీ తన కోసం చేసుకొనే పనికి కాలం ఖర్చు కాదన్నదే ఆ ఊహ.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మీద తెలుగులో వెలువడిన రచనలను మృత్యువర్ణనలుగానే చదువుతూ వచ్చాం. వాటిలో మిగిలిన స్త్రీలు ఏయే సొమ్ములు అమ్మారు, వాటి తరువాత ఏ పనికి కూర్చున్నారు అనే ప్రశ్నలతో వాటిని మళ్లీ చదవవలసి ఉన్నది.