కవ్వం కాని కవ్వం – జపాను తేనీటి పనిముట్ల కథ



'మచ్చా' అనే పచ్చని తేయాకు పొడి పేరు ఈమధ్య మా తర్లుపాడు వంటి ఊళ్ళలో సైతం వినవస్తున్నది. రుచి ఇంకా ఇక్కడిదాకా రాలేదు గాని, పేరు చరవాణుల మీదుగా వచ్చింది. 2024లో ఈ పొడికి ప్రపంచమంతటా గిరాకీ పెరిగి, క్యోటో నగరపు పాత దుకాణాలే మనిషికి ఇంతేనని కొలత పెట్టవలసివచ్చింది. పొడి సంగతి అటుంచి, దానిని కలిపే పనిముట్ల చరిత్రను మనవి చేస్తాను. అందులో మనకూ ఒక పాఠమున్నది.

మనం తేయాకును మరిగించి, వడగట్టి, పిప్పిని పారవేస్తాము. మచ్చాలో పారవేయడమన్నది లేదు. ఆకు ఆకంతా కడుపులోకే పోతుంది. మన రాగిజావ వంటిదన్నమాట. ఆ పొడి నీటిలో కరగదు, తేలియాడుతుంది. ఉండ కట్టకుండా కలపడమే అసలు పని. పనిముట్లన్నీ ఈ ఒక్క అవసరం చుట్టూ పుట్టినవే.

మొదటిది విసుర్రాయి. నీడపట్టున పెంచిన ఆకును ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరగలిలో విసురుతారు. గంట విసిరితే వచ్చేది సుమారు 40 గ్రాములే. తొందరపడితే రాయి వేడెక్కి పరిమళం పోతుంది. గాడులు అరిగితే మన తిరగళ్ళకు కక్కు కొట్టించినట్లే వాటికీ మళ్ళీ చెక్కిస్తారు.

రెండవది పొడి దాచే 'నట్సుమె' అనే లక్క పూత పెట్టె. నట్సుమె అంటే రేగు జాతి పండు. ఆకారాన్ని బట్టి వచ్చిన పేరది. మూడవది 'చషకు' అనే వెదురు గరిటె. నాలుగవది 'చవన్' అనే మట్టిపాత్ర. పేరొందిన రాకు పాత్రలను కుమ్మరి సారె మీద గాక చేతితోనే మలుస్తారు.

ఐదవది ముఖ్యమైనది, 'చసెన్'. దీనిని వెదురు కవ్వమంటే చాలును గాని, పూర్తిగా కాదు. ఒకే వెదురు ముక్క ఒక కొసను 80 మొదలు 120 వరకు సన్నని పుల్లలుగా చీల్చి, లోపలికి వంచి, దారంతో అల్లుతారు. అతుకు లేదు, మేకు లేదు. ఇంట్లో కలిపే పద్ధతి సులువే. పుల్లలను గోరువెచ్చని నీట నానబెట్టాలి. పాత్రలో 2 గ్రాముల పొడిని జల్లించి, మరిగి కొంత చల్లారిన నీటిని అరగ్లాసుకు తక్కువగా పోయాలి. అటుపిమ్మట మణికట్టుతో ముందుకూ వెనుకకూ చకచకా ఆడిస్తే నురుగు కడుతుంది.

మన కవ్వం తాడుతో గిరగిర తిరుగుతుంది, చసెన్ తిరగదు. కవ్వం కలిసి ఉన్నదానిని విడదీస్తుంది, చల్ల నుండి వెన్నను వేరుచేస్తుంది. చసెన్ విడిగా ఉన్నవాటిని కలుపుతుంది. ఆ లెక్కన అది మన పప్పుగుత్తికి దగ్గరి చుట్టం.

ఇక చరిత్ర. ఈ విద్య జపానులో పుట్టలేదు. చైనాలో సోంగు వంశపు చక్రవర్తి హుయిజోంగు సుమారు 1107లో తేనీటిపై రాసిన గ్రంథంలోనే వెదురు చిలుకుడు సాధనం ప్రస్తావన ఉన్నది. 1191లో చైనా నుండి తిరిగివెళ్ళిన ఐసాయి అనే బౌద్ధ భిక్షువు జెన్ మార్గంతో పాటు ఈ అలవాటునూ జపానులో పాదుకొల్పాడు. 1211లో తేనీటి గుణాలపై గ్రంథమూ రచించాడు. పదహారవ శతాబ్దిలో సెన్ నో రిక్యూ (1522–1591) దీనికి నిరాడంబరమైన రూపు తెచ్చాడు. పాలకుడు హిదెయోషి ఆజ్ఞకు లోబడి 1591లో ఆత్మార్పణ చేసుకునే ముందు, ఆయన తన చేతితో ఒక వెదురు గరిటె చెక్కి శిష్యునికిచ్చాడు. 'కన్నీరు' అని పేరుపొందిన ఆ గరిటె నేటికీ నగోయాలోని తోకుగావా మ్యూజియంలో భద్రంగా ఉన్నది.

మరి పుట్టినింట ఏమైంది? 1391లో మింగు వంశపు తొలి చక్రవర్తి అచ్చుకట్టిన తేయాకు బిళ్ళల కప్పాన్ని మాన్పించి, విడి ఆకునే పంపమన్నాడు. ఆకును నానబెట్టి తాగడం వాడుకై, పొడితో పాటు చిలికే సాధనమూ అక్కడ మరుగునపడింది. మెట్టినింట మాత్రం నిలిచింది. నారా ప్రాంతంలోని తకయామా గ్రామం సుమారు 500 ఏళ్ళుగా చసెన్‌లను చేస్తున్నది. 1975లో ప్రభుత్వం దానిని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. అరిగిన చసెన్‌లను చెత్తలో వేయక, దేవళాలలో మంత్రపూర్వకంగా దహనం చేసే ఆచారమూ ఉన్నది. ఆయుధపూజ ఎరిగిన మనకు ఇది వింత కాదు.

వస్తువు పుట్టిన చోటనే బ్రతకాలని లేదు, దానితో పని ఉన్న చోట బ్రతుకుతుంది. కవ్వానికి అమరకోశం వైశాఖమనీ మంథమనీ మంథానమనీ పర్యాయాలు చెప్పింది. కవ్వపు తాడుకు సంస్కృతంలో నేత్రమని పేరు. తెలుగులో చిలికే కుండ 'తరికుండ'. వెంగమాంబ పుట్టిన తరిగొండకు ఆ పేరు దానినుండే వచ్చిందని స్థలపురాణం. చల్ల చిలకడం మానితే పోయేది ఒక కొయ్య కాదు, దానిని అంటిపెట్టుకున్న ఈ మాటలన్నీ పోతాయి. 'కక్కు కొట్టడం' అంటే ఏమిటో నేటి పిల్లలలో ఎందరికి తెలుసు?

పనిముట్టును వాడుకలో నిలుపలేకపోయినా మాటనైనా నిలుపవచ్చును. కవ్వానికి, దాని తాడుకు, విసుర్రాతి భాగాలకు మీ ప్రాంతపు పేర్లు తెలియజేయండి. ఊరి పేరు కూడ జతచేస్తే మరింత మేలు.

సెలవు.