మీ మానసిక వైద్య రికార్డు మీ చేతికి రావాలంటే

కౌన్సెలింగ్ గదిలో మనం చెప్పింది ఒకటి, ఫైలులో రాసింది ఇంకొకటి కావచ్చు. కులం పేరుతో జరిగిన అవమానం అక్కడ 'చదువు ఒత్తిడి'గానో, 'సర్దుకుపోలేని స్వభావం'గానో మారిపోవచ్చు. రేపు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టినా, కాలేజీలో ఫిర్యాదు చేసినా ఆ కాగితమే ముందుకొస్తుంది. అందుకే అందులో ఏముందో ముందుగా మనకు తెలియాలి. దాన్ని ఇవ్వడం ఎవరి దయా కాదు, అది మన హక్కు.

చట్టం ఏం చెబుతోంది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక చికిత్స పొందేవారికి తమ ప్రాథమిక వైద్య రికార్డులు చూసుకునే హక్కును 25వ సెక్షన్ ఇస్తోంది. కులాన్ని బట్టి వివక్ష చూపకూడదని 18, 21 సెక్షన్లు పేరు పెట్టి మరీ చెబుతున్నాయి. సామాజిక హోదాను బట్టి గానీ, చుట్టూ ఉన్న సమాజపు విలువలకు ఒదగనందుకు గానీ ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదని 3వ సెక్షన్ అంటోంది. ప్రశ్నించే విద్యార్థికి 'మతి సరిగా లేదు' అని ముద్ర వేసే చోట ఈ సెక్షన్ పనికొస్తుంది.

ఎలా అడగాలి

నోటిమాటగా అడిగితే 'రేపు రండి' అంటారు. రాసి ఇవ్వండి. ఇన్‌పేషెంటుగా ఉన్నవారు 2018 నియమాల్లోని ఫారం-ఎ నింపి ఆసుపత్రి ఇన్‌చార్జి మెడికల్ ఆఫీసరుకు గానీ సైకియాట్రిస్టుకు గానీ ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో రికార్డు ఇవ్వాలి. ఓపీలో చూపించుకున్నవారు తెల్లకాగితం మీద పేరు, ఓపీ నంబరు, తేదీలు రాసి, కావలసినవి విడివిడిగా అడగాలి: రోగనిర్ధారణ, పరీక్షల ఫలితాలు, మందుల వివరాలు, థెరపీ రిపోర్టు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వంటి ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంటు రికార్డులు 3 ఏళ్లు ఉంచాలన్నది అందులోని నియమమే. కాబట్టి ఆలస్యం చేయొద్దు.

కాదంటే

డాక్టరు ఫైలు మొత్తాన్ని ఆపలేరు. బయటపెడితే మీకు తీవ్రమైన మానసిక హాని గానీ, ఇతరులకు హాని గానీ జరిగే భాగాన్ని మాత్రమే ఆపొచ్చు. అప్పుడు కూడా, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వెళ్లే హక్కు మీకుందని వారే చెప్పాలి. బోర్డుకు దరఖాస్తు చేయడానికి రుసుము లేదు. మీ సమ్మతితో రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి కూడా దరఖాస్తు చేయొచ్చు. సంఘాలు దీన్ని వాడుకోవాలి. బోర్డు ఉత్తర్వు మీద 30 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు.

వకీలు ఖర్చుకు భయపడక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. మేడ్చల్, శామీర్‌పేట వాసులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు.

క్యాంపస్‌లో

శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ ఉన్నాయి. మేడ్చల్ చుట్టూ ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీలున్నాయి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది.

అయితే ఆ కౌన్సెలర్‌కు జీతమిచ్చేది కాలేజీయే. మొదటి రోజే అడగండి: నా నోట్సు ఎక్కడ ఉంటుంది? ఎవరు చూస్తారు? 23వ సెక్షన్ చికిత్స వివరాలకు గోప్యత ఇస్తోంది. మీ ఫైలు తిరగేయడానికి యాజమాన్యానికి గానీ వార్డెనుకు గానీ అది సాధారణ అనుమతి ఏదీ ఇవ్వలేదు.

కార్యకర్తలకూ ఒక మాట. చికిత్సలో ఉన్నవారి ఫొటో గానీ వివరం గానీ వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వడాన్ని 24వ సెక్షన్ నిషేధిస్తోంది. ఉద్యమం కోసమైనా సరే, ఆ ఫైలు ఎవరికి చూపాలో బాధితులే నిర్ణయించుకోవాలి. ఫైలు చదివాక మనసు కుదుటపడకపోతే టెలి-మానస్ 14416 నంబరు ఎప్పుడైనా ఉచితంగా పలుకుతుంది.