పసుపు కల్లంలో ప్లేట్‌లెట్లు: కమ్మర్‌పల్లి రక్తపోటు, మధుమేహ రోగుల రక్తనాళ ముప్పుపై ఒక పునర్విచారణ

గుండెజబ్బులపై అమెరికాలో సాగిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంతో ఈ వ్యాసానికి తగాదా ఉంది. ‘ముప్పు కారకాలు’ అనే మాటను 1961లో వాడుకలోకి తెచ్చిన విలియం కానెల్ బృందమే 1992లో మరో సంగతి బయటపెట్టింది. తెల్లరక్తకణాల సంఖ్య సాధారణ పరిధిలోనే ఉన్నా, అందులో పైకి జరిగేకొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులు పెరుగుతాయని చూపింది. తీరా 1998లో ఆ అధ్యయనం నుంచి పదేళ్ల ముప్పు పట్టిక వచ్చేసరికి అందులో వయసు, కొలెస్టరాల్, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం ఉన్నాయి, రక్తకణం లేదు. 2008 నాటి పట్టికలోనూ లేదు. చేతికందిన ఆధారాన్ని చేజేతులా వదిలేయడమే ఇది. తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం బీపీ కొలతకు, మాత్రలకు ఒక క్రమం తెచ్చింది. అది గొప్ప పని. అయినా కణాల ఊసు అక్కడా లేదు.

బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన గ్రెగొరీ లిప్ ఎత్తిచూపిన వైరుధ్యం ఇక్కడ కీలకం. రక్తపోటు ఎక్కువైతే ఆ ఒత్తిడికి నాళాలు పగలాలి. కానీ రక్తపోటు రోగులను ఎక్కువగా దెబ్బతీసేది నెత్తురు కారడం కాదు, గడ్డకట్టడం. ఒత్తిడికీ చక్కెరకూ దెబ్బతిన్న నాళపు లోపొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. ఆ అదుపు సడలిన ప్లేట్‌లెట్ తన లోపలి పి-సెలెక్టిన్‌ను పైపొరకు తెచ్చి మోనోసైట్‌ను పట్టుకుంటుంది. అధిక చక్కెర ఎముక మజ్జనే రెచ్చగొట్టి న్యూట్రోఫిల్లను, మోనోసైట్లను ఎక్కువగా పుట్టిస్తుందని ప్రభాకర నాగారెడ్డి బృందం 2013లో ఎలుకల్లో చూపింది.

తెలంగాణలో పసుపు పండించే కమ్మర్‌పల్లి ప్రాంతంలో తవ్వకాల కాలంలో తిరిగితే ఈ సిద్ధాంతం కళ్లెదుట కనిపిస్తుంది. తవ్విన దుంపల్లో కొమ్ములు, మండ వేరుచేసి ఉడకబెడతారు, కల్లంలో ఆరబోస్తారు, ఆపై డ్రమ్ములో వేసి మెరుగుపెడతారు. ఉడకబెట్టేచోట పైన ఎండ, పక్కన మంట, మొహం మీదికి ఆవిరి. బీపీ, షుగర్ రెండూ ఉన్న ఆడవాళ్లు కూడా అక్కడే గంపలు మోస్తారు. చాటుకు పోయే వీలులేక నీళ్లు తక్కువ తాగుతారు. మూత్రం ఎక్కువ తెప్పించే బీపీ మాత్రను కొందరు పనిరోజుల్లో మానేస్తారు.

ఈ దృశ్యానికి సరిపోయే ప్రయోగం 1986లో ఇంగ్లండులో జరిగింది. విలియం కీటింజ్ బృందం ఆరోగ్యవంతులను 41 డిగ్రీల వేడిగాలిలో 6 గంటలు ఉంచింది. చెమటతో ఒంటి బరువు తగ్గింది. ప్లేట్‌లెట్ల సంఖ్య 18 శాతం, ఎర్రకణాల సంఖ్య 9 శాతం, రక్తం చిక్కదనం 24 శాతం పెరిగాయి. వడగాడ్పుల రోజుల్లో గుండెలో, మెదడులో రక్తం గడ్డకట్టి చనిపోయేవారు ఎందుకు పెరుగుతారో ఆ బృందం దీంతోనే వివరించింది. వాళ్లు ఆరోగ్యవంతులు, ఊరికే కూర్చున్నవాళ్లు. అప్పటికే ఉత్తేజంలో ఉన్న ప్లేట్‌లెట్లతో, ఏళ్లనాటి షుగర్‌తో, ఉడుకుతున్న పసుపు పక్కన గంప ఎత్తే మనిషిలో ఇదే మార్పు ఇంకెంత తీవ్రంగా ఉండాలి! ఈ ప్రాంతంలో పక్షవాతానికి పసుపు పని కాలమే అసలు గండమని మా నమ్మకం.

ఫ్రామింగ్‌హామ్ 1992 ఫలితాల్లో స్త్రీల వరకు తెల్లకణాలకూ జబ్బుకూ సంబంధం పొగతాగేవారిలోనే కనిపించిందన్నది నిజమే. కానీ పసుపు పని లేని నెలల్లో ఈ ప్రాంతపు ఆడవాళ్లు చాలామంది చాట ముందేసుకుని బీడీలు చేస్తారు. బీడీ కార్మికుల మూత్రంలో నికోటిన్ అవశేషమైన కోటినిన్ ఎక్కువగా ఉంటుందని మన దేశ పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. చుట్ట ముట్టించకపోయినా పొగాకు వాళ్ల నెత్తుట్లో ఉంది. ఫ్రామింగ్‌హామ్ గడిలో ‘పొగతాగదు’ అని రాయించుకునే ఈ మనిషిని ఆ పట్టిక ఏనాటికీ పట్టుకోలేదు.

ఇంట్లో పసుపు తింటున్నాం కదా, అదే కాపాడుతుందన్న ధీమా ఇక్కడ బలంగా ఉంది. పసుపులో కర్కుమిన్ కొద్ది శాతమే. అదీ పేగు దాటి రక్తంలోకి చేరేది అత్యల్పం. 2017లో కేథరిన్ నెల్సన్ బృందం చేసిన సమీక్ష ఆ ఆశకు గట్టి దెబ్బే కొట్టింది.

ఈ వాదనను పరీక్షించడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మామూలు సీబీపీ పరీక్షలోనే తెల్లకణాల మొత్తం, న్యూట్రోఫిల్లు, ప్లేట్‌లెట్ల సంఖ్య, వాటి సగటు పరిమాణం వస్తాయి. ఆస్పిరిన్ అందరికీ ఇవ్వమని మేమనడం లేదు. 2018 నాటి అసెండ్ పరీక్షలో ఆస్పిరిన్ వాడిన మధుమేహ రోగులకు రక్తనాళ ఘటనలు 12 శాతం తగ్గినా పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. కావలసింది పసుపు తవ్వకానికి ముందొకసారి, ఉడకబెట్టే రోజుల్లో ఒకసారి అదే మనిషికి సీబీపీ చేయించి రెంటినీ పోల్చడం. నమూనాను ఆలస్యం చేయకుండా లెక్కించాలి. నిలవ ఉన్నకొద్దీ గొట్టంలో ప్లేట్‌లెట్లు ఉబ్బి సగటు పరిమాణం తప్పుగా చూపిస్తుంది.