జాక్ కేడ్: చరిత్రలో, నాటకంలో

షేక్స్పియరు ‘ఆరవ హెన్రీ’ రెండవ భాగంలో రాజులూ ప్రభువులూ ఎందరున్నా, నన్ను ఆలోచింపజేసేది తిరుగుబాటు నాయకుడు జాక్ కేడ్ పాత్ర. చదువూ వ్రాతా నేర్చిన నేరానికి ఒక గుమాస్తాను, కలమూ సిరాబుడ్డీ మెడకు కట్టి మరీ ఉరితీయమంటాడు. తిరగబడేవాడు అక్షరద్వేషి అని ప్రేక్షకుడు నవ్వుకోవాలి.

చరిత్ర ఇలా లేదు. 1450లో కెంటు ప్రజలు పన్నుల దోపిడీని, అధికారుల అక్రమాలను, రాజును చుట్టుముట్టిన దుర్మంత్రులను గురించి వ్రాతపూర్వకంగానే ఫిర్యాదు చేశారు. లండనులో కేడ్ మనుషులు హత్యలూ దోపిడీలూ చేసిన మాట నిజమే. కాని న్యాయవాదులను చంపడం, దస్తావేజులు తగలబెట్టడం ప్రధానంగా 1381 నాటి రైతు తిరుగుబాటులోని సంగతులు. ఆ రైతులు కాల్చిన కాగితాలలో వారి వెట్టిచాకిరీ నమోదై ఉంది. నాటకకర్త ఆ మంటను తెచ్చుకున్నాడు, కారణాన్ని వదిలేశాడు.

అయినా చివరకు, అయిదు రోజుల ఆకలితో ఆకుకూర కోసం గోడ దూకిన కేడ్‌ను తోట యజమాని చంపినప్పుడు నవ్వు ఆగిపోతుంది. అంతటి కవి కలం కూడా ఆకలిని దాచలేకపోయింది. ఈ నాటకాన్ని పాఠం చెప్పేవారు కెంటు ప్రజల ఫిర్యాదునూ విద్యార్థుల ముందుంచాలని నా మనవి.