ఇనుప కాళ్లు, ఇసుక పునాదులు: తెలుగునాట పాత రైలు వంతెనలు

సత్తుపల్లి పక్కనున్న వేంసూరు ప్రాంతానికి రైలు కొత్త చుట్టం. భద్రాచలం రోడ్డు నుంచి సత్తుపల్లి దాకా వేసిన సుమారు 54 కి.మీ. లైను కూడా ప్రధానంగా సింగరేణి బొగ్గు కోసమే. భద్రాచలం రోడ్డు స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాములవారిని చూడాలంటే అక్కడ దిగి బస్సెక్కి గోదావరి దాటాల్సిందే. అదే గోదావరిని దిగువన రాజమండ్రి దగ్గర రైలు 1900లోనే దాటింది.

రాజమండ్రి మీదుగా పోయే కోస్తా లైను వంతెనల గురించి రాసేవారు చాలావరకు పొడవు చెప్పి, స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు) లెక్కపెట్టి ఊరుకుంటారు. వంతెన రూపాన్ని తేల్చేది పైనున్న ఇనుము కన్నా కిందనున్న నేలేనని ఈ వ్యాసం వాదన.

ఇనుప చట్రాలను కాళ్లుగా నిలిపి కట్టే ట్రెసిల్ వంతెనకు మన దగ్గర మంచి ఉదాహరణ నల్లమలలోని దొరబావి. గుంతకల్లు, నంద్యాల మీదుగా బెజవాడ వైపు వచ్చే పాత మీటర్ గేజ్ లైనులో 19వ శతాబ్ది చివర కట్టారు. లోయ లోతుగా ఉన్నా అడుగున గట్టి నేల ఉంది, ఏడాది పొడవునా ముంచే వరద లేదు. అలాంటిచోట రాతికట్టుబడి కన్నా తేలికైన ఇనుప కాళ్లే మేలు. బ్రాడ్ గేజ్ వచ్చాక దాని పని అయిపోయింది.

గోదావరిలో ఆ కాళ్లు నిలవవు. వరదకు స్తంభాల మొదట్లో ఇసుక కోసుకుపోతుంది. కొట్టుకొచ్చే మానులు సన్నని ఇనుప చట్రాలకు అడ్డంపడతాయి. అందుకే బావి పునాదులు. అంచు పదునుగా ఉన్న గుండ్రటి కట్టడాన్ని ఇసుకలో నిలిపి, లోపలి ఇసుకను తోడుతూ పోతే అది తన బరువుకే దిగుతుంది. తోడుడు ఒక పక్క ఎక్కువైతే బావి ఒరుగుతుంది. సరిచేయడమే అసలు పని. కోత అందని లోతుకు చేరాక లోపల కాంక్రీటు నింపి, పైన స్తంభం లేపుతారు.

రాజమండ్రి దగ్గర 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో తెరుచుకున్న హేవలాక్ వంతెన ఈ పద్ధతిదే. కాశీలో గంగపై డఫ్రిన్ వంతెన అనుభవమున్న ఎఫ్.టి.జి. వాల్టన్ దీని ఇంజనీరు. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరుది! బెజవాడ–కటక్ లైను 1893–96 మధ్య దశలవారీగా తెరుచుకున్నా, ఈ వంతెన లేక కొవ్వూరు, రాజమండ్రి మధ్య ప్రయాణికులు పడవెక్కాల్సి వచ్చేది.

హేవలాక్‌కు ఒక్కొక్కటి 45.7 మీటర్ల చొప్పున 56 స్పాన్లు. అక్కడే 1974 నాటి రోడ్డు-రైలు వంతెనలో ఎక్కువ స్పాన్లు 91.5 మీటర్లవి. 1997 నాటి కాంక్రీటు ఆర్చి వంతెనకు సుమారు 97.5 మీటర్లవి 28 చాలాయి. స్పాన్ పెరిగితే నదిలో దించాల్సిన బావులు తగ్గుతాయి. ఖర్చూ, ప్రమాదమూ ఎక్కువగా ఉండేది ఆ బావుల దగ్గరే కాబట్టి, మూడు తరాల ఇంజనీర్లు తగ్గించుకుంటూ వచ్చింది వాటినే.

1997లో రైళ్లు ఆగినప్పటి నుంచీ హేవలాక్‌ను పర్యాటకులకు నడకదారిగా మార్చాలన్న మాట వినిపిస్తూనే ఉంది. ఆ చర్చంతా గర్డర్ల తుప్పు, దీపాల అలంకరణ చుట్టూనే తిరుగుతుంది. కానీ పరిరక్షణ పని నీటి కిందనున్న బావుల చుట్టూ కోత ఎంతుందో కొలవడంతో మొదలుకావాలి.