తూటా పేరు నుంచి మోతాదు పట్టికకు: రైఫిల్ రీలోడింగ్ ప్రమాణాల చరిత్ర

వ్యాససంగ్రహం:
కాల్చిన తూటా తొడుగును మళ్లీ నింపి వాడుకోవడం, అంటే రీలోడింగ్, అమెరికాలో 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో స్థిరపడిన అలవాటు. నల్లరంగు తుపాకిమందు కాలంలో మోతాదుకు తొడుగే హద్దు. పొగలేని మందు వచ్చాక ఆ హద్దు ముద్రిత పట్టికలోకి మారింది. పట్టికలోని ప్రతి అంకె ఒక నిర్దిష్ట ప్రయోగానికి నివేదిక అనీ, దానిని ఆ ప్రయోగ పరిస్థితుల నుంచి విడదీసి చదవడంలోనే ప్రమాదం ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తుపాకిమందు, తూటా, రీలోడింగ్, పీడనం, మోతాదు, ప్రమాణీకరణ.

1. పేరులోనే మోతాదు

తూటా అంటే ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు - ఈ నాలుగూ కలిసినది. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన తూటాకు 45-70 అని పేరు. మొదటి అంకె గుండు వ్యాసం, అంగుళంలో వందో వంతులలో. రెండోది తొడుగులో పోయవలసిన మందు బరువు, గ్రెయిన్లలో. పూర్తిపేరు 45-70-405 అని చెప్పినప్పుడు మూడో అంకె గుండు బరువు. అశ్వికుల పొట్టి తుపాకికి మందును 55 గ్రెయిన్లకు తగ్గించారు. ఆ తూటా 45-55 అయింది. అంటే ఆనాడు పేరు చదవగలిగినవానికి మోతాదు తెలిసినట్టే.

గ్రెయిన్ ఇక్కడ మందు రేణువు కాదు, తూకం. పౌనులో 7000వ వంతు, సుమారు 64.8 మిల్లీగ్రాములు. గింజతో తూచడం తెలుగువారికి కొత్త విషయమేమీ కాదు. 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా నిర్ణయించింది. తులానికి 96 గురిగింజల లెక్కన ఒక గురిగింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది. నేటి రైఫిల్ పట్టికలలో ఆరంభ మోతాదుకూ గరిష్ఠ మోతాదుకూ మధ్య తేడా తరచుగా కొద్ది గ్రెయిన్లే, అంటే రెండు మూడు గురిగింజల ఎత్తు. ఈ చరిత్ర అంతా ఆ కొలతలోనే నడుస్తుంది.

తెలుగులో 'నల్లమందు' అంటే అభిని కాబట్టి గంధకం, పెట్లుప్పు, బొగ్గు కలిసిన పాత మిశ్రమాన్ని నల్ల తుపాకిమందు అనక తప్పదు. దీని గుణం చిత్రమైనది: పరిమాణం ఎక్కువ, శక్తి తక్కువ. తొడుగు నిండా పోసి గుండుతో అదిమితే అదే సరైన మోతాదు. అంతకు మించి పోద్దామన్నా పట్టదు. పశ్చిమ మైదానాలలో అడవిదున్నల వేటగాళ్లు, సరిహద్దు దండులలోని సైనికులు ముద్రిత పట్టిక ఏదీ లేకుండా తొడుగులు నింపుకోగలిగారంటే అది వారి నేర్పు కన్నా ఆ మందు చలవ. 1884లో జాన్ బార్లో న్యూహేవెన్‌లో ఐడియల్ సంస్థను నెలకొల్పి నింపుడు పనిముట్లు అమ్మాడు. వాటితోపాటు వెలువడిన ఐడియల్ చేతిపుస్తకం సగం ధరల జాబితా, సగం పాఠ్యగ్రంథం. 1925లో ఆ సంస్థను లైమన్ కొన్నది. తరువాతి లైమన్ చేతిపుస్తకాలు ఆ వంశంలోనివే.

2. ఖాళీ స్థలం తెచ్చిన చిక్కు

1884లో ఫ్రెంచి రసాయనవేత్త పోల్ వియేల్ నైట్రోసెల్యులోజ్‌ను జిగురుగా మార్చి పొగలేని మందు చేశాడు. 1886లో ఫ్రాన్స్ దానితో లెబెల్ రైఫిల్‌ను రంగంలోకి దింపింది. అదే బరువుకు నల్లమందు కన్నా దాదాపు మూడు రెట్ల శక్తి. చరిత్రకారులు సాధారణంగా దీని వేగాన్నీ, పొగలేని యుద్ధరంగాన్నీ వర్ణించి ఊరుకుంటారు. చేతితో నింపుకునేవానికి జరిగిన మార్పు వేరు. సరైన మోతాదు పోశాక కూడా అనేక తొడుగులలో చోటు మిగలసాగింది. పొరపాటున రెండోసారి పోస్తే కొన్నింటిలో అదీ పట్టేస్తుంది. హద్దుగా నిలిచిన తొడుగు హద్దు కాకుండా పోయింది.

పాత అలవాటు వెంటనే పోలేదు. నల్లమందుతో సమానంగా, అదే గిన్నెతో కొలుచుకునేటట్టు ఉబ్బుగా తయారుచేసిన పొగలేని మందులు కొంతకాలం చెలామణి అయ్యాయి. వాటి పక్కనే తూచి మాత్రమే వాడవలసిన దట్టమైన మందులూ అంగట్లో ఉండేవి. దట్టమైన మందును పాత గిన్నెతో కొలిస్తే తుపాకి పగిలేది. షాట్‌గన్ తూటా పెట్టెలపై 'ఇన్ని డ్రాముల సమానం' అన్న మాట నేటికీ కనిపిస్తుంది. అందులోని అంకె లోపలి మందు బరువు కాదు. ఏనాటిదో నల్లమందు మోతాదుతో పోలిక. అర్థం మారినా మాట మిగలడం భాషాచరిత్రలో సహజమే గాని, అక్కడ పొరపడితే నష్టం చదివినవాని చేతికి.

పేర్లూ ఈ మార్పును నమోదు చేశాయి. 1895 నాటి 30-30లో రెండో 30 ఆనాటి పొగలేని మందు గ్రెయిన్లు. కొత్త మందులు రాగానే ఆ అంకెకు అర్థం పోయింది. 30-06లోనైతే రెండో అంకె మందుదే కాదు. అది 1906 సంవత్సరం. పేరులోంచి మోతాదు తప్పుకున్నది. ఇక దానికి చోటు పుస్తకంలోనే.

3. రాగి చెప్పిన పీడనం

మోతాదు రాయాలంటే తుపాకిలో పీడనం ఎంతో తెలియాలి. 1860లలో ఆండ్రూ నోబుల్ (డైనమైట్ నోబెల్ వేరు) రూపొందించిన సాధనం ఇందుకు చిరకాలం ఆధారమైంది. రైఫిల్‌కు అన్వయించినప్పుడు తూటా కూర్చునే గదికి రంధ్రం పెట్టి, దానిపై ముషలకాన్ని, ముషలకంపై చిన్న రాగి స్తంభాన్ని నిలుపుతారు. పేలినప్పుడు వాయువు ముషలకాన్ని నెడుతుంది; రాగి నలుగుతుంది. ఎంత కురచబడిందో కొలిచి పీడనాన్ని లెక్కిస్తారు. కాని రాగి నలగడానికి వ్యవధి కావాలి. క్షణంలో వెయ్యోవంతులో వచ్చిపోయే శిఖరపీడనాన్ని అది పూర్తిగా పట్టుకోలేదు. అయినా దశాబ్దాల పాటు ఆ ఫలితాన్నే 'చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు' అని అచ్చువేశారు.

1960ల నాటికి స్ఫటిక విద్యుత్ సాధనాలు వాడుకలోకి వచ్చి అసలు శిఖరాన్ని చూపించాయి. అప్పుడు పాత ఫలితాలకు 'రాగి నలుగుడు ప్రమాణం', సి.యు.పి., అన్న పేరు విడిగా పెట్టవలసి వచ్చింది. ఈ రెండింటి మధ్య ఒకే మార్పిడి సూత్రం లేదు. అమెరికా తయారీదారుల ప్రమాణ సంస్థ సామీ (స్థాపన 1926) ఇచ్చిన హద్దులే సాక్ష్యం. 308 వించెస్టర్‌కూ 223 రెమింగ్టన్‌కూ రాగి హద్దు ఒకటే, 52,000. స్ఫటిక సాధనంపై మొదటిది 62,000 పి.ఎస్.ఐ., రెండోది 55,000. పాత 45-70కి రెండు పద్ధతులలోనూ 28,000. పాత పుస్తకంలోని అంకెను కొత్త పుస్తకంలోని అంకె పక్కన పెట్టి 'ఇంకా చోటుంది' అనుకునే పాఠకుడు రెండు భాషలను ఒకే భాషగా చదువుతున్నాడన్నమాట.

4. ఒక సంఖ్య, రెండు మందులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్సస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ సైన్యం మిగుల్చుకున్న మందును పెద్ద ఎత్తున కొని చవకగా అమ్మాడు. అందులో 4831 ప్రసిద్ధమైంది. హెచ్ 4831గా స్థిరపడింది. 1970లలో డ్యూపాంట్ సంస్థ ఐఎంఆర్ 4831ను విడుదల చేసింది. సంఖ్య ఒకటే, స్వభావం వేరు: రెండోది త్వరగా కాలుతుంది. హెచ్ మందు కోసం రాసిన గరిష్ఠ మోతాదును ఐఎంఆర్ మందుతో నింపితే పీడనం హద్దు దాటుతుంది. ముందున్న అక్షరాలను వదిలి '4831' అని మాత్రమే నకలు చేసుకున్న కాగితాన్ని అందుకే నమ్మరాదు. లేఖక దోషాలను పరిశీలించేవారికి ఈ జారుడు సుపరిచితమే.

5. పట్టికను చదవడం

మంచి పట్టిక మోతాదుతో ఆగదు. గుండు తయారీదారు, బరువు, తొడుగు రకం, ప్రైమర్, తూటా మొత్తం పొడవు, ప్రయోగించిన గొట్టం పొడవు - ఇవన్నీ చెబుతుంది. సైనిక తొడుగుల గోడలు తరచుగా మందం. లోపలి చోటు తగ్గి అదే మందుకు పీడనం పెరుగుతుంది. ఒకే బరువున్న రెండు గుండ్లలో సీసపు గర్భం ఉన్నది పొట్టిగా, మొత్తం రాగిది పొడవుగా ఉంటుంది; పొడవైనది తొడుగులోకి లోతుగా దిగవచ్చు. రెండు ప్రామాణిక గ్రంథాలు ఒకే తూటాకు వేర్వేరు గరిష్ఠాలు ఇవ్వడం ఇందువల్లనే. వాటిలో ఒకటి తప్పని అర్థం కాదు. పాఠభేదాలలో పరిష్కర్త ఉత్తమ పాఠాన్ని ఎంచుకుంటాడు. తూటా నింపేవాడు మాత్రం తక్కువ అంకెనే ఎంచుకోవాలి. గ్రంథం ఆరంభ మోతాదును విడిగా ఇవ్వకపోతే గరిష్ఠం నుంచి పదోవంతు తగ్గించి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచడం రివాజు. గుండు, ప్రైమర్, తొడుగు, మందు డబ్బా వరుస సంఖ్య - వీటిలో ఏది మారినా మళ్లీ కిందినుంచే.

తగ్గించడం ఎల్లప్పుడూ క్షేమమన్నదీ నిజం కాదు. హెచ్ 110 వంటి మందును ప్రచురిత మోతాదు నుంచి అతికొద్దిగా తప్ప తగ్గించవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. ఇక ప్రైమర్ చదునుకావడం, బోల్టు బిగుసుకుపోవడం వంటి చిహ్నాలను చూసి ఆగవచ్చునన్న పాత నమ్మకం బలహీనమైనది. అవి కనిపించేసరికి హద్దు దాటి చాలా దూరం వచ్చి ఉండవచ్చు. కొన్ని తుపాకులలో అసలు కనిపించకపోవచ్చు.

మోతాదు పేరులోనే ఉండిన 45-70కి నేటి గ్రంథాలలో ఒకటి కాదు, మూడు పట్టికలు: 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ రైఫిల్‌కు ఒకటి, మార్లిన్ లీవర్ రైఫిల్‌కు ఒకటి, రూగర్ నంబర్ వన్ వంటి దృఢమైన ఆధునిక రైఫిల్‌కు మరొకటి. తొడుగు మూడింటికీ ఒకటే. మూడో పట్టిక ప్రకారం నింపిన తూటా మొదటి తుపాకిలో ఏ అడ్డూ లేకుండా దూరుతుంది. అందుకే జాగ్రత్త ఎరిగినవారు నింపిన పెట్టెపై మోతాదుతో పాటు అది ఏ తుపాకికి ఉద్దేశించినదో కూడా రాసి పెడతారు.