నంద్యాల జిల్లా అయింది, నా కోడ్ బయటపడింది

ఈ ఎపిసోడ్ కూడా చరిత్ర మీదే. కాకపోతే ఇందులో రాజులు, కోటలు ఉండవు. కోడ్ ఉంటుంది, మా చిన్నమ్మ ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది.

ఆ తేదీ 2022 ఏప్రిల్ 4. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయిన రోజు. కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల సొంతంగా జిల్లా అయింది. మాది ఆళ్లగడ్డ, నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు. కలెక్టరాఫీసు పని పడితే కర్నూలు దాకా పోయే తిప్పలు తప్పాయని మా ఊళ్లో అందరికీ సంతోషమే.

నేనప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేస్తున్నా. పేరెందుకులెండి. చిన్న చిన్న షాపులకు ఇన్సూరెన్స్ ఇచ్చే వెబ్ అప్లికేషన్ మాది. మా చిన్నమ్మకి ఆళ్లగడ్డలో బట్టల కొట్టు ఉంది. మా సైట్‌లోనే ఫారం నింపుకోమని నేనే చెప్పా.

కొన్ని వారాలకి ఆమె ఫోన్. "ఏం రా, నంద్యాల అని పెడితే మీ సైటు తప్పంటాంది. కర్నూలు అని పెడితే కాగితాలు కలవలేదని మీవాళ్లే వెనక్కి పంపిస్తాండారు. నాది ఏ జిల్లానో నువ్వన్నా చెప్పు" అంది. ముందు నవ్వొచ్చింది. లాగ్స్ తెరిచాక నవ్వు ఆగిపోయింది. ఆమె పాత పాలసీ అప్పటికే అయిపోయింది. రెన్యూవల్ గడువు కూడా దాటిపోయింది. కొట్టు నిండా సరుకు, పైన ఇన్సూరెన్స్ లేదు. ఆ కోడ్ రాసిందెవరా అని చూస్తే, నేనే.

అసలేం జరిగిందంటే, మా అప్లికేషన్‌లో జిల్లాల లిస్టు ఒక చోట లేదు. నాలుగు చోట్ల ఉంది. పేజీలో కనబడే డ్రాప్‌డౌన్‌లో ఒకటి, సర్వర్‌లో చెక్ చేసే క్లాస్‌లో ఒకటి, పాలసీ కాగితం ప్రింట్ చేసే క్లాస్‌లో ఒకటి, రిపోర్టుల్లో ఇంకొకటి. కొత్త జిల్లాలు రాగానే టీమ్‌లో ఎవరో డ్రాప్‌డౌన్ మార్చారు. మిగతా మూడూ ఎవరికీ గుర్తు రాలేదు.

దానికి తోడు ఇంకో తెలివితేట. పిన్‌కోడ్ మొదటి మూడంకెలు 518 అయితే కర్నూలు జిల్లా అని నేను ఒక లైన్ రాశా. ఆళ్లగడ్డ పిన్ 518543, నంద్యాలది 518501. 1972లో పోస్టాఫీసు ఉత్తరాలు పంచుకోవడానికి పెట్టుకున్న నంబర్లు అవి. జిల్లా మారితే పిన్ మారదు. రెండింటికీ సంబంధం ఉందని అనుకున్నది నేనే.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. ఇలాంటి కోడ్‌కి ఒక పేరుంది, కోడ్ స్మెల్. అంటే కోడ్ నుంచి వచ్చే వాసన. పేరు పెట్టింది కెంట్ బెక్. 1990ల చివర్లో మార్టిన్ ఫౌలర్ 'రీఫ్యాక్టరింగ్' అనే పుస్తకం రాస్తుంటే ఈయన సాయం చేశాడు. అప్పుడు బెక్ ఇంట్లో పసిపాప ఉంది. వాసన అనే మాట అక్కణ్ణుంచే వచ్చి ఉంటుందని ఆ పుస్తకంలోనే సరదాగా రాశారు. 1999లో పుస్తకం వచ్చింది. అందులో 22 వాసనల జాబితా ఉంది. మొట్టమొదటిది డూప్లికేటెడ్ కోడ్, అంటే ఒకే విషయం చాలా చోట్ల రాయడం. ఇంకొకటి షాట్‌గన్ సర్జరీ. ఒక్క చిన్న మార్పు కోసం పది క్లాసులు ముట్టుకోవాల్సి రావడం. మా జిల్లాల లిస్టుకి ఈ రెండూ ఉన్నాయి.

స్మెల్ అంటే బగ్ కాదు, గుర్తుంచుకోండి. మా ఆళ్లగడ్డ శిల్పాలకు జీఐ గుర్తింపు ఉంది. శిల్పి రాయి ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి వింటాడు. మోగాల్సినట్టు మోగకపోతే లోపల పగులుందేమో అని అనుమానిస్తాడు. స్మెల్ కూడా అంతే. కోడ్ ఇవాళ నడుస్తూనే ఉంటుంది.

ఫౌలర్ కంటే ముందే దీనికి పునాది పడింది. క్లాసులు, ఆబ్జెక్టులు అనే ఆలోచన నార్వేలో డాల్, నైగార్డ్ చేసిన సిములా 67తో వచ్చింది. ఒక విషయానికి సంబంధించిన డేటా, పని ఒకే చోట ఉండాలన్నది అందులో అసలు సంగతి. 1992లో విలియం ఆప్డైక్ ఇలినాయ్ యూనివర్సిటీలో రీఫ్యాక్టరింగ్ మీద పీహెచ్‌డీ చేశాడు. ప్రోగ్రామ్ చేసే పని మారకుండా లోపలి అమరిక ఎలా మార్చాలి అన్నదే ఆ పరిశోధన. అదే ఏడాది వార్డ్ కన్నింగ్‌హామ్, తొందరపడి రాసిన కోడ్‌ని అప్పుతో పోల్చాడు. తీర్చకపోతే వడ్డీ పెరుగుతుంది అన్నమాట.

మన తెలుగువాళ్లకి ఈ వడ్డీ బాగా తెలుసు. 1990ల చివర్లో ఎంతోమంది మన ఇంజనీర్లు వై2కే పని మీద అమెరికా వెళ్లారు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన లైన్లు ఎన్నెన్నో ప్రోగ్రాముల్లో చెల్లాచెదురుగా ఉంటే, ఒక్కోటి వెతికి సరిచేశారు. అదీ షాట్‌గన్ సర్జరీయే.

మరి నాకు హెచ్చరిక రాలేదా? వచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబర్‌లో అక్కడ 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. ఆ రెండు పేర్లనీ నాలుగు చోట్లా చేత్తో కలిపింది నేనే. మూడో చోట పేస్ట్ చేస్తున్నప్పుడే చిరాకేసింది. వాసన వచ్చింది. "నడుస్తోంది కదా" అని వదిలేశా.

సరిచేసింది ఎలాగంటే, ముందు టెస్టులు రాశాం. ఇప్పుడు అప్లికేషన్ ఏం చేస్తోందో అది పట్టేసుకునే టెస్టులు. అవి లేకుండా కోడ్ ముట్టుకుంటే చీకట్లో నడిచినట్టే. తర్వాత 'జిల్లా' అని ఒకే క్లాస్ పెట్టి, పేరుతో పాటు ఏ తేదీ నుంచి అమల్లో ఉందో కూడా రాశాం. ఎందుకంటే 2021 పాలసీలో ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలోనే కనబడాలి, 2023లో నంద్యాల కనబడాలి. ఆ తర్వాత నాలుగు లిస్టుల్ని ఒక్కోటే తీసేశాం. ఒకటి తీయడం, టెస్టులు నడపడం, సేవ్ చేయడం. అన్నీ ఒకేసారి చేయలేదు.

టూల్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. పీఎండీలో కాపీ పేస్ట్ పట్టే భాగం ఉంది, సోనార్‌క్యూబ్ ఉంది. ఒకేలా ఉన్న లిస్టుల్ని అవి పట్టుకుంటాయి. కానీ 518 లైన్‌ని ఏ టూలూ పట్టుకోలేదు. అది ఒకే చోట, చక్కగా, చిన్నగా ఉంది. అందులో తప్పు కోడ్‌ది కాదు, లోకం గురించి నేను అనుకున్నది తప్పు. దాన్ని పట్టుకున్నది బట్టల కొట్టులో కూర్చున్న మా చిన్నమ్మ.

అందుకే మీరు ఏ ప్రాజెక్ట్ చేస్తున్నా, కాలేజీదైనా సరే, ఒక పని చేయండి. రేపు మారే అవకాశం ఉన్న ఒక విషయం తీసుకోండి. జిల్లా, ఫీజు, పన్ను, ఏదైనా. అది మీ కోడ్‌లో ఎన్ని చోట్ల ఉందో వెతికి లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువ వస్తే ఈ వారమే మొదలుపెట్టండి.

తర్వాతి ఏడాది చిన్నమ్మ ఫారం ఒక్కసారికే తీసుకుంది. "ఇప్పుడన్నా మన ఊరు యాడుందో మీ కంప్యూటర్‌కి తెలిసిందిలే" అంది.